నాలుగు డిగ్రీల నీళ్ళు

ఫిబ్రవరి ఆఖరి వారం.
రాత్రి షిఫ్టు దిగి, ఒంటిమీద బ్లీచు వాసనతోనే
ఫ్యూన్ దీవి ఉత్తరపు ఒడ్డుకొచ్చాను.
ఆస్పత్రి దుప్పట్లు ఉతికిన చేతులివి,
వేళ్ళ చివర ముడతలు ఇంకా విప్పుకోలేదు.

విల్లాడ్స్ అప్పటికే వచ్చి ఉన్నాడు.
మోకాళ్ళు అరిగాయి, నీళ్ళలో దిగొద్దని డాక్టరమ్మ చెప్పాక
కార్లోనే కూచుని చేపలు పడతాడు,
అంటే, నాచేత పట్టిస్తాడు.
హీటరు వేసుకుని, అద్దం రెండు వేళ్ళు దించి
ఆ సందులోంచి ఫ్యోర్డు మొత్తాన్నీ ఏలుతుంటాడు.

"థర్మామీటరు ముంచావా?"
ముంచాను. నాలుగు మీద ఒక్క గీత.
"మూడైతే ఇంటికెళ్ళి పడుకోమనేవాణ్ణి."

ఆరు దగ్గరికొచ్చిన ఏదో ఒక రోజు
బురదలో పడుకున్న పురుగులన్నీ
ఎవరో పేరంటానికి పిలిచినట్టు
ఒక్కసారిగా పైకొస్తాయట,
ఎర్రగా, ఆకుపచ్చగా, మెలికలు తిరుగుతూ.
పెళ్ళీ ఆ పూటే, చావూ ఆ పూటే.
ట్రౌట్లు పొట్ట పగిలేలా తింటాయట.
అరవై ఏళ్ళలో ఆయన తొమ్మిదిసార్లు చూశాడు.
నేనింకా చూడలేదు.

అంతదాకా ఇదే.
చలికి ఉప్పు ఒంటిని కొరికితే
సముద్రం చేపలు లోపలికొస్తాయి,
ఏరు కలిసి ఉప్పు పలచబడ్డ చోట
నెగడు చుట్టూ చేరినట్టు చేరతాయి.
వాటి కోసం నడుందాకా నీళ్ళలో నేను,
నా కోసం అద్దం సందులో ఆయన.

నా ఎర తుప్పు రంగు.
ఆయన కుక్క బాస్సె చచ్చిపోయే ముందు
తోక వెంట్రుకలు కత్తిరించి దాచుకున్నాడు,
వాటితోనే కొక్కేనికి చుట్టి కట్టాడు.
బతికుండగా బాస్సెకి నీళ్ళంటే భయం.
ఇప్పుడు రోజూ ఈదుతోంది.

తాడు వెనక్కి విసురు, ఆగు.
అది గాలిలో సాగేదాకా ఆగడమే విద్య అంటాడు.
ముందుకి వదులు. లాగు. ఆగు. లాగు.
కర్ర కంతల్లో మంచు గడ్డకడితే
నోట్లో పెట్టుకుని కరిగించాను.
నాలుక మీద ఇనుము.

"ఎడమకి! ఇంకొంచెం ఎడమకి!
ఆ సముద్రపు గడ్డి అంచుకి!"

పట్టింది.
దెబ్బ కాదు, గుంజుడూ కాదు,
తడి దుప్పటి రెండో కొస
ఎవరో అందుకున్నట్టు బరువు.

"మెరుపా? మసకా?"

దగ్గరికొచ్చాక చూశాను.
తల పెద్దది, ఒళ్ళు సన్నం,
పొట్ట ఖాళీ సంచిలా జారింది,
తోక అంచులు పీలికలు.
నవంబరులో ఏరెక్కి
గులకరాళ్ళలో తోకతోనే గొయ్యి తవ్వి
ఉన్నదంతా అక్కడ పెట్టేసి
తిండీ తిప్పలూ లేక ఇన్నాళ్ళుండి
ఇప్పుడు తిరుగుదారి పట్టిన చేప.

పచ్చి బాలింత.

నాకు తెలుసు.
మూడో అంతస్తు నుంచి దిగే దుప్పట్లు
ప్రతి రాత్రీ నాతోనే చెబుతాయి.

నీళ్ళలోంచి ఎత్తలేదు.
ముల్లు నలిపేసిన కొక్కెం, వేలితో తోస్తే ఊడింది.
తోక దగ్గర పట్టుకుని నిలబెట్టాను.
నా చేయేదో దాని ఒళ్ళేదో తెలియలేదు,
రెండూ నాలుగు డిగ్రీలే.
మొప్పలు తెరిచింది, మూసింది.
పోతుందనుకున్నాను, పోలేదు.
పోదేమోననుకున్నాను,
అప్పుడు పోయింది.

"మసక" అన్నాను కారు దగ్గరికొచ్చి.
"పొడుగెంత?"
చేతులు చాచి చూపించాను. నిజమే చూపించాను.
"బరువు?"
"ఆ పొడుగుకి తగ్గది కాదు."

డాష్‌బోర్డు మీది పుస్తకంలో పెన్సిలుతో రాసుకున్నాడు:
నాలుగు పాయింట్ ఒకటి. పడమటి గాలి.
ఒకటి. సముద్రానికి.

థర్మాస్ మూతలో కాఫీ పోసి
సందులోంచి బయటికి అందించాడు.
అద్దం పైకెక్కింది.
మళ్ళీ రెండు వేళ్ళు దిగింది.

"రేపు కూడా నీకు రాత్రి షిఫ్టేగా?"