పక్క గుండీ

మా పేటలో వీధులకు కూరగాయల పేర్లు.
బఠాణీ వీధి, చిక్కుడు వీధి, బంగాళాదుంప వీధి.
తార్తూ ఊళ్ళో ఎవర్నడిగినా
సూపు పేట అని చెప్పి నవ్వుతారు.
చెక్క ఇళ్ళు, ఇటుక పొయ్యిలు,
ప్రతి కప్పు మీదా నాకు కూడు పెట్టే ఒక గొట్టం.

నేను పొగగొట్టాలు ఊడ్చేవాణ్ణి.
నల్ల కోటు, రెండు వరసల ఇత్తడి గుండీలు.
నా గుండీ ముట్టుకుంటే కలిసొస్తుందట.
'అట' అని నవ్వుతూనే ముట్టుకుంటారు.
కనపడనిదాన్ని కదా అదృష్టమంటారు,
ఇదేమో మసి పట్టి మరీ కనపడుతుంది.

ఇక్కడ దేవుణ్ణి అడిగేవాళ్ళు తక్కువ.
కొండమీది పెద్ద చర్చికి కప్పు పోయి వందల ఏళ్ళు,
అక్కడికి నన్నెవరూ పనికి పిలవరు.
ఆదివారం పొద్దున ఊరు దుప్పట్లోనే ఉంటుంది.
అయినా పరీక్షకు పోయే పిల్లలు
వీధి దాటి పరుగెత్తుకొస్తారు నా కోసం.
మాంసం కొట్టు ఆర్వెద్ లాటరీ టికెట్టు కొన్న రోజే
తన పొయ్యి పొగ చిమ్ముతోందని కబురుపెడతాడు.
గుండె డాక్టరు ఒకాయన, దేన్నీ నమ్మనివాడు,
చేతి తొడుగు తీసి మరీ ముట్టుకున్నాడు.
"సరదాకి" అన్నాడు.
సరదాకైతే అంత చలిలో తొడుగెందుకు తీసినట్టు?

మే నెలలో లైలాక్ పూస్తుంది.
నాలుగు రేకుల గుత్తుల్లో ఐదు రేకుల పువ్వు వెతికి
నోట్లో వేసుకుని నములుతారు.
చేదు. నేనూ నమిలాను.

ముందటేడు మంచు మీద కాలు జారి
కప్పు మీంచి పడ్డాను. తుంటి విరిగింది.
"నీ గుండీ నువ్వు ముట్టుకోలేదా?" అంది నర్సు.
నవ్వబోతే కుట్లు లాగాయి.

చిక్కుడు వీధి పదమూడో నంబరు హెల్వె.
నలభై ఏళ్ళు సంభావ్యత పాఠం చెప్పిన మనిషి.
ఇరవై రెండు చలికాలాలు ఆమె పొయ్యి ఊడ్చాను,
ఒక్కసారీ నా గుండీ వైపు చూడలేదు.
"కాకి వాలుతుంది, పండు రాలుతుంది.
మధ్యలో దారం కట్టేది మనం" అంటుంది.

ఈ మార్చిలో బూడిద బకెట్టు గుమ్మంలో పెట్టి
కాఫీ తాగుతుంటే తనే మొదలుపెట్టింది.

"నలభైతొమ్మిది. నాకు ఆరేళ్ళు.
మేనత్త ఆవు ఈనలేకపోతోందని
రాత్రికి రాత్రి అడవి అవతలికి వెళ్ళాం, అందరం.
దూడ అడ్డం తిరిగింది. తెల్లారేదాకా లాగాడు నాన్న.
ఇక్కడ లారీ వచ్చి మా తలుపు కొట్టింది.
తీసేవాళ్ళు లేరు. తల లెక్క తగ్గింది.
లెక్క నింపాలి కదా,
మిల్లు పక్కింటి వాళ్ళని ఎక్కించారు.
వాళ్ళ లీనె నా ఈడుది.
దాని ఎర్ర మేజోడు ఒకటి మా దండెం మీద ఉండిపోయింది."

కప్పు కింద పెట్టింది.

"మాది అదృష్టమంటే లీనెది ఏమిటి?
అదే మాట,
తిరగేసి తొడుక్కున్న మేజోడు."

ఏమనాలో తోచక "దూడ?" అన్నాను.
"బతికింది. చలికాలంలో కోశారు."

బల్ల మీద ఆసుపత్రి కాగితం.
రేపు ఉదయం ఎనిమిదికి అని ఉంది.
దాచలేదు, చెప్పనూ లేదు. లేచాను.

"ఆగు" అంది.
కింది గుండీ ఒంటి దారానికి వేలాడుతోంది.
సూది తెచ్చింది. కోటు విప్పబోతే వద్దంది.
కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చి
రెండు వేళ్ళతో గుండీ పట్టుకుని
నన్ను నిలబెట్టే కుట్టింది.
నాలుగు చుట్లు చాలే పనికి
పన్నెండు చుట్టింది. లెక్కల మనిషి.
దారం పంటితో తెంపింది.
"ఇక ఊడదు" అంది.
ఇద్దరం ఇంకేమీ అనలేదు.

బయట చూరుల నుంచి మంచు నీళ్ళు.
ఏడో నంబరు కుర్రాడు సంచీ ఎగరేసుకుంటూ
చెయ్యి చాచి వస్తున్నాడు.

"అది కాదురా" అన్నాను,
"పక్కది ముట్టుకో."