అవతలి కొస

పీణ్యా రెండో స్టేజీలో, రబ్బరు వాషర్ల దుకాణం మేడ మీద
మా బల్లపై ఒక బస్సు పరిచి ఉంది.
చక్రాల్లేవు, సీట్లు లేవు, కండక్టరు ఈల లేదు.
మీటరు డబ్బా, బ్రేకు డబ్బా, తలుపుల డబ్బా,
వాటి మధ్య జడలా పెనవేసిన రెండు తీగలు,
ఒకటి పసుపు, ఒకటి ఆకుపచ్చ.
ఆ తీగల పేరూ బస్సే.

ఈ తీగ మీద ఎవరికీ చిరునామా ఉండదు.
వేడి ఎనభై రెండు, అంటుంది ఇంజను, గాలిలోకి అన్నట్టు.
అందరూ వింటారు, పని ఉన్నవాళ్ళు తీసుకుంటారు.
ఇద్దరు ఒకేసారి నోరు తెరిస్తే
చిన్న అంకె వాడిదే మాట.
ఒకటి పలికినవాడు, తీగ మీద సున్నా వినిపించగానే
సగంలో ఆగిపోతాడు.
గెలిచినవాడి వాక్యంలో ఒక్క అక్షరం చెదరదు.
వైపరు తగ్గి బ్రేకుకి దారి ఇస్తుంది.
మా వీధి సిగ్నల్ దగ్గర ఇది ఏనాడూ చూడలేదు.

కెర్నల్‌కి ఈ భాష నేర్పడం నా పని.
పాత డ్రైవరు ఒంటి మనిషి కిటికీ;
ఒక ప్రోగ్రాము తల దూరిస్తే ఇంకోదానికి చోటుండదు.
దాన్ని పీకేసి సాకెట్ పెట్టాను,
ఇంటర్నెట్ ప్యాకెట్లు తిరిగే వీధిలోనే
ఈ ఎనిమిది బైట్ల మాటలకీ ఓ వాకిలి.

కంపైలయింది. మాడ్యూలు ఎక్కింది.
తెర మీద ఒకటే వాక్యం, మళ్ళీ అదే, మళ్ళీ అదే.
విన్నామని ఒక్కరైనా చిటికె వేసేదాకా
పంపినవాడు పంపుతూనే ఉండాలి.
తప్పుల లెక్క నూట ఇరవై ఎనిమిది దగ్గర ఆగింది,
గొంతు ఆగలేదు.

మూడు రాత్రులు నా పద్నాలుగు వందల లైన్లలో దొంగని వెతికాను.
తాళాలన్నీ తీసి మళ్ళీ వేశాను.
"బిట్ టైమింగ్ చూశావా?" అంది ఫోన్లో కనకవల్లి.
చూశాను. రెండుసార్లు.

నాలుగో పొద్దున వైరింగు గుర్రప్ప వచ్చాడు,
ముళబాగిలు తెలుగు, చెవి మీద పెన్సిలు.
కరెంటు ఆపించి, మీటరు ముళ్ళు రెండు తీగలకీ ఆనించాడు.
"అరవై రావాల సార్. నూటిరవై చూపిస్తా ఉండాది.
అవతలి కొస మనకి అందలేదు."
ఆకుపచ్చ తీగని వేళ్ళ మధ్య జారుస్తూ బల్ల కిందికి దూరాడు,
నా కుర్చీ చక్రం దగ్గర ఆగాడు.
"పైన తోలు బాగుండాది. లోపల రాగి తెగింది."

సోల్డరు పొగ ఇంకా ముక్కులో ఉండగానే తెర కదిలింది.
తలుపు మూసి ఉంది. వేడి ముప్పై ఒకటి.
వేగం సున్నా. వేగం సున్నా. వేగం సున్నా.

ప్యాచ్ చివర, పరీక్షించినవారు అనే చోట
ఆయన పేరు కొట్టాను. అద్దాలు పైకి నెట్టి చూశాడు.
"ఇది శానా దూరం పోతాదా?"
పోవచ్చు, ట్రాక్టర్లలోకీ లిఫ్టుల్లోకీ, అన్నాను.
"మరి ఇనిషియల్ వదిలేసినావే. ఎం పెట్టు.
పీణ్యాలో గుర్రప్పలు ముగ్గురుండారు."