చెప్పుల దగ్గర

కొళత్తూరులో మా బడి, మేడ మీద చివరి గది.
గుమ్మం ముందు ఇరవై మూడు జతల చెప్పులు.
వాటితో పాటు మాటలూ ఇక్కడే విప్పాలని
మొదటి రోజు చేతులతోనే చెప్పాను.
తమిళం, తెలుగు, ఒకరిద్దరి ఉర్దూ,
ఎవరిది వాళ్ళు వరసగా పెట్టి లోపలికొచ్చారు.
నాదీ పెట్టాను.
సూళ్ళూరుపేట తెలుగు,
మడమ దగ్గర బాగా అరిగింది.

లోపల అనువాదం లేదు.
చెంబెత్తి నీళ్ళు పోస్తాను: మిజు.
మళ్ళీ పోస్తాను: మిజు.
తడిసిన నేల తుడుస్తూ ఆయా మునియమ్మ తిట్టే తిట్టొక్కటే
ఆ గదిలో తమిళం.
ఏనుగునయ్యాను, జ్వరాన్నయ్యాను,
రైలు తప్పిపోయిన లావుపాటి మనిషినయ్యాను.
పదేళ్ళు ఒరగడం కార్ల ఫ్యాక్టరీలో
ఇద్దరు పెద్దమనుషుల మధ్య కూచుని
ఒకరి కోపాన్ని ఇంకొకరికి
మర్యాదగా మార్చి అందించినదాన్ని.
ఇప్పుడు మార్చకుండా ఉండటం నేర్చుకుంటున్నాను.

బల్ల మీద మామిడికాయ పెట్టి
"నాని?" అంటాను. ఏమిటీ అని.
మూడో బెంచీలో వెంకట నరసింహం లేచి నిలబడతాడు.
ఇంట్లో వాణ్ణి అలాగే పిలుస్తారట.
నెల రోజులు లేచాడు.
ఇప్పుడు లేవడు కానీ, ఎవర్ని ఏం అడిగినా
చొక్కా కొంచెం సర్దుకుంటాడు.

క్రియ చివర రావాలని నేను చెప్పనే లేదు.
మొదట్నుంచీ చివరే పెట్టారు,
అన్నం తిన్నాక చెయ్యి కడుక్కున్నంత మామూలుగా.

ఉత్పల మాత్రం నోరు విప్పలేదు.
జూన్, జూలై, ఆగస్టు.
"ఆ పిల్లకి వినబడుతుందా?" అంది హెడ్‌మిస్ట్రెస్.
వినబడుతుంది. మిజు అంటే సీసా అందిస్తుంది.
శనగలు నాని మొలకెత్తే దాకా
గంటకోసారి పిసికి చూస్తామా?
అలా అని ఆవిడతో అన్నాను గానీ
రాత్రుళ్ళు నేనూ పిసికి చూస్తూనే ఉన్నాను.

నవంబరు. కరెంటు పోయింది.
పెరంబూరు వైపు నుంచి నల్లగా దిగింది.
ఉత్పల కిటికీకి వేలు చూపించి అంది:
"అమె."
వాన అని, ఆ భాషలో.
నా చెవి ఒకటి గుమ్మం బయటే ఉండిపోయినట్టుంది,
ఆమె, అని విన్నాను.
కిందికి చూస్తే గేటు దగ్గర
బియ్యం సంచి నెత్తిన కప్పుకుని వాళ్ళమ్మ.
ఏది అందో అడగాలంటే తెలుగు కావాలి.
అడగలేదు.

బెల్లు కొట్టారు.
గుమ్మంలో ఆగి, నా వైపు తిరిగి, గబగబా:
"ఇత్తెకిమాస్."
తప్పు.
అది సొంతింట్లోంచి బయల్దేరేటప్పుడు అనే మాట.
బడి నుంచి వెళ్ళేటప్పుడు అనేది వేరే ఉంది,
నాలుగో పాఠం, మూడుసార్లు నటించి చూపించాను కూడా.
దిద్దబోయి ఆగాను.
వెళ్ళొస్తాను అనే ఊళ్ళో పుట్టి
పోయిట్టు వరేన్ అనే ఊళ్ళో బతుకుతూ
ఉత్త 'పోతాను' అన్నందుకు
నాలిక కరుచుకునే మనిషిని.
"ఇత్తెరష్షాయ్" అన్నాను.
వెళ్ళి రామ్మా అన్నట్టే అన్నాను.

చెప్పుల నిండా వాన.
బోర్లించి, దులిపి,
ఏది ఎవరిదో చూసుకోకుండా
కాళ్ళు దూర్చి పరిగెత్తారు అందరూ.
నాకు మిగిలిన జత
రెండు వేళ్ళు చిన్నది.