వీపు మీద మంచు

పొద్దున తొమ్మిదైనా తెల్లారదు ఫెట్లర్ దీవిలో.
లాంతరు ముందు, నేను వెనక.
తొట్టిలో నీళ్ళు రాయైపోయాయి.
గొడ్డలి తిరగేసి నాలుగు దెబ్బలు, ఐదోదానికి పలికింది.
పెళ్ళలు తీసి పారేస్తుంటే
కాసేపు వేళ్ళు నావి కాకుండా పోయాయి.

మంద నాది కాదు, గిబ్బీది.
తుంటి విరిగి లెర్విక్ ఆసుపత్రిలో ఉన్నాడు.
ఆరు పొట్టి గుర్రాలు, నలభై మూడు గొర్రెలు,
పెన్సిలుతో రాసిన ఒక కాగితం:
"గడ్డి ఒక్కచోటే వెయ్యకు, బ్రూనా అందర్నీ కరిచి తరుముతుంది.
ఆరింటికి ఏడు కుప్పలు పెట్టు.
గిట్టల్లో మంచు ఉండ కడితే పొడిచి తియ్యి.
కళ్ళను నమ్మకు, బొచ్చు అబద్ధాలాడుతుంది.
చెయ్యి లోపలికి పోనిచ్చి ఎముకలు వెతుకు."

వెతికాను.
ఆ బొచ్చు లోపల మరో ఋతువు ఉంది.
మణికట్టు దాకా వేసవిలో పెట్టి
కాసేపు అక్కడే నిలబడ్డాను, పని ఉన్నట్టు.

గొర్రెలకు నాతో పెద్దగా పని లేదు.
సముద్రం ఎప్పుడు వెనక్కి తగ్గుతుందో వాటికే బాగా తెలుసు.
కొండ దిగి వరసగా వెళ్ళి
రాళ్ళ మీది నాచు నమిలి
ఉప్పు మూతులతో తిరిగొస్తాయి.

మొన్న నలభై రెండే వచ్చాయి.

రాతిగోడ వార నిలువెత్తు మంచు మేట.
రెండు రోజులు కర్రతో పొడుస్తూ నడిచాను.
ఇవాళ, స్కార్ఫ్ ఒకచోట ఆగి
తోక ఊపడం మానేశాడు.
మంచులో ఓ కన్నం, చొక్కా బొత్తామంత,
అంచు కాస్త పసుపుగా.
లోపల ఎవరో ఊపిరి తీస్తున్నారు.
చేతులతోనే తవ్వాను. తన ఉన్ని తనే నమిలి బతికిందది.
బయటపడగానే నన్ను ఓ గుద్దు గుద్ది
మిగతావాటిలో కలిసిపోయింది.

సాయంత్రం గిబ్బీ ఫోను.
నేనెలా ఉన్నానని అడగడు.
"వీపుల మీద మంచు నిలుస్తోందా?"
నిలిస్తే మంచిదట. ఒంట్లో వేడి ఒంట్లోనే ఉన్నట్టు.
"నిలుస్తోంది" అన్నాను.
"సోల్వా మీద?"
"దాని మీదా."

నిలవడం లేదు.
పడ్డది పడ్డట్టే కరిగి
వెన్ను మీంచి సన్నగా ఆవిరి లేస్తోంది.
ఇరవై తొమ్మిదేళ్ళ ఒళ్ళు
ఉన్న కాస్త వేడినీ ఆకాశానికి పంచుతోంది.
దానాలు చేసే వయసా ఇది, ముసలిదానా?

గిబ్బీ ఇంటి తలుపు వెనక
మేకుకు వేలాడే పడవ కోటు తెచ్చాను.
దాని వీపున కప్పి, తాడుతో కట్టాను.
చేతులు రెండూ అటొకటి ఇటొకటి వేలాడాయి.
బీట్‌రూట్ తురుము వేడినీళ్ళలో నానబెట్టి పెడితే
పళ్ళు లేని నోటితో చప్పరించింది, సగం నా బూట్ల మీదే.
తర్వాత మెడ తిప్పి కోటు వాసన చూసింది.
చేపలు, పొగాకు.
చెవులు నిక్కబొడుచుకుని
చాలాసేపు ఇంటి తలుపు వైపే చూసింది.
నేను పక్కనే ఉన్నాను.
నన్ను చూడలేదు.

తెల్లవారింది, అంటే తొమ్మిదైంది.
కోటు భుజాల మీద రెండంగుళాల మంచు,
కరగకుండా.
ఫోను మోగేలోపు తొట్టి దగ్గరికెళ్ళాలి.
రాత్రి గొడ్డలి ఎక్కడ పెట్టానో.