పదమూడో రీలు

ముషీరాబాద్ల మా ఇంటిదీ థియేటర్‌దీ ఒక్కటే గోడ.
అటు పక్క తెర,
ఇటు పక్క అవ్వ గిన్నెల అల్మారి.
దయ్యం నడిచినప్పుడల్లా
మా స్టీలు గిలాసలు గజగజ వణికేవి.

బాపు ఆపరేటర్.
బొగ్గు కడ్డీల మంట కాడ నిలబడి నిలబడి
చలికాలంల గూడ బనీను పిండేటోడు.
పొద్దుగూకినంక టిఫిన్ డబ్బ పట్టుకొని
ఇనుప మెట్లెక్కి పోయేదాన్ని.
కేబిన్‌కు రెండు చిన్న కిటికీలు.
ఒకదాంట్లకెల్లి సినిమా పోతది,
ఇంకోదాంట్లకెల్లి బాపు చూస్తడు.
బాపు బువ్వ తిన్నంతసేపు అది నాది.

నేను సినిమా చూడలే.
జనాన్ని చూసిన.
ఎనిమిదొందల తలకాయలు, ఎనక నుంచి.
"ఇగ చూడు" అనేటోడు బాపు, ముద్ద నోట్లె ఉండంగనే,
ఎడమ చేతి వేళ్లు మడుసుకుంట,
"మూడు, రెండు..."
తలకాయలన్నీ ఒక్కపారి భుజాలల్లకు దిగిపోయేవి,
తాబేళ్ల లెక్క.
అందరికంటె గట్టిగ నవ్వినోన్ని చూపెట్టి
"వాడే ముందుగాల జడుసుకున్నడు" అనేటోడు.
ఎవలకెవలో తెల్వనోళ్లు చేతులు పట్టుకునేటోళ్లు చీకట్ల.
లైట్లు రాంగనే ఇడిసిపెట్టి
జేబులు తడుముకునేటోళ్లు.

ఆ సినిమాల ఒక పిల్ల, నా ఈడుదే.
పాత బంగ్ల, తాళమేసిన అర్ర.
పదమూడో రీల్ల తాళం తీస్తదట.
పన్నెండు అయిపోంగనే బాపు డబ్బ నా చేతికిచ్చేటోడు,
"పో, చదువుకో పో."
ఇరవై దినాలు అట్లనే దిగిన.
ఇరవయ్యొకటో దినం
ఆ ఇనుప మెట్ల మీదనే పెద్దమనిషినైన.

అవ్వ గోడ పక్కకు చాప ఏసింది.
"కేబిన్ బంద్" అన్నది.
బాపు ఏమనలే.
డబ్బ తమ్ముడు పట్టుకపోయిండు.
రాత్రి పన్నెండుకు పావు తక్కువ
గోడ అవుతల ఎనిమిదొందల మంది అరిచేటోళ్లు.
నేను చాప మీద పండుకొని
వాళ్లతోని నోరు తెరిచేదాన్ని,
సప్పుడు రాకుంట.
అర్రల ఏమున్నదో ఇయ్యాల్టికి తెల్వదు.

మొన్న కూకట్‌పల్లి, మాల్ల నాలుగో అంతస్తు.
కొత్త సినిమా. కథ మాత్రం మా చిన్నప్పటిది.
తెర మీద క్యాసెట్‌ల పెన్సిల్ పెట్టి తిప్పంగనే చప్పట్లు.
మిద్దె మీద యాంటెనా తిప్పుకుంట "వచ్చిందా?"
కిందికెల్లి "రాలే!"
ఇగ ఈలలే ఈలలు.
నా పక్క బట్టతలాయన అద్దాలు తుడుసుకుంటున్నడు,
ఇంక దయ్యమే రాలే.

దయ్యం వచ్చింది.
అందరు నవ్విన్రు. ఫోన్లు లేసినయి.
నా కొడుకు నిశ్చల్ టోపీ తాళ్లు గుంజుకుంట
"దీనికానే మీరు భయపడేది?" అన్నడు.
ఆ చేతుల సంగతి చెప్పబోయిన,
పాప్‌కార్న్ నమిలే సప్పుడుకు ఊకున్న.

తర్వాత ఒక ముక్క వచ్చింది.
దయ్యం లేదు, మ్యూజిక్ లేదు.
ఆ పిల్ల వాళ్లమ్మ కిటికీ దగ్గరికేసి గొళ్లెం పెట్టింది.
"రేపటి సంది బయట ఆడుడు లేదు."
అంతే.

నేను అరిచిన.
నిజంగనే అరిచిన.
ముందటోళ్లు ఎనకకు తిరిగిన్రు, ఎవడో కిసుక్కుమన్నడు,
నిశ్చల్ కుర్చీల సగం దాంక జారిండు.
గప్పుడు, ఆఖరి వరసలకెల్లి
ఇంకో అరుపు.
చిన్నది. ఆడగొంతు.
నాకంటె ఒక ఊపిరి ఆలస్యం.

తిరిగి చూస్తే మొఖం కనపడలే.
చిన్న కిటికీ కనపడ్డది.
ఎలుగు వస్తనే ఉన్నది,
దాని ఎనక మనిషి లేడు.

లైట్లు వచ్చినంక మెట్ల కాడ చానసేపు నిలబడ్డ.
ఒకామె నిద్రపోయిన పిల్లగాన్ని భుజం మార్చుకున్నది.
ఒకామె ఫోన్ల పెరుగు తేవాల్నా అని అడుగుతున్నది.
ఒకామె నన్ను చూసి, పార్కింగ్ చీటీ కోసం
సంచిల తలకాయ పెట్టింది.

నిశ్చల్ లిఫ్ట్ తలుపుకు కాలు అడ్డం పెట్టిండు.
"ఏం కనపడ్డదమ్మా నీకు?"
"గొళ్లెం" అన్న.
వాడు నవ్వలే.
తలుపు మీద ఎర్ర అంకెలు దిగుతున్నయి,
మూడు,
రెండు