చెవికమ్మ వైపు చూపు

తీర్థకట్ట వీధి మలుపులో నా బండి.
బుడగలు, ఊదితే చుట్ట విప్పే పీకలు,
గుండు చేయించుకున్న పిల్లకాయలకు రంగు టోపీలు.
గాజుసీసాలో, తాళంచెవికి తగిలించుకునే
ఎర్ర చుక్క లేజర్లు, ముప్పై రూపాయలు.
పచ్చవి మాత్రం గుడ్డ కింద పెట్టేదాన్ని.
నూటయాభై.

మద్రాసు సరుకు. పైన పసుపు చీటీ,
దాని మీద ఏదో అంకె.
"అయిదుకు లోపలే అక్కా, ఏం కాదు" అన్నాడు తెచ్చినోడు.
ఆ అంకె ఎవరు కొలిచినారని నేను అడగలేదు.
చీటీ అతికించేదానికి జిగురు చాలు.

మునిరత్నం మనవడు జష్వంత్ కొనుక్కున్నాడు.
ఉండి పగలగొట్టిన చిల్లర, అన్నీ బిళ్ళలే.
లెక్కపెట్టలేక పది తగ్గించినా.
మంచిదాన్ననుకున్నా.

ఆ రాత్రి కొర్లగుంటలో మిద్దె మీద నుంచి
మొదట కొండకు గురిపెట్టినారంట పిల్లకాయలు.
ఘాటు రోడ్డు దీపాలు మెలికలు తిరిగి పైకి పోతా ఉంటే
ఆ దండకు ఇంకొక పూస కలపాలని.
అంత దూరం యాడ పోతుందిలే అనుకున్నారు.
పోతుంది.
దిగే బస్సు అద్దానికి తగిలితే
అద్దమంతా పచ్చమంటై మలుపు మాయమవుతుందని,
రేణిగుంటలో దిగే విమానానికైనా అంతేనని
డ్రైవరు పెరుమాళ్ళు తరవాత చెప్పినాడు.
ఆ రాత్రి ఏ బస్సుకూ ఏమీ కాలేదు.
కొండ కాచింది అన్నారు.

మిద్దె మీద మాత్రం పందెం మొదలైంది.
"రెప్ప కొట్టనోడే మగోడు."
రెప్పకు తెలుసు, మనకంటే ముందే మూసుకుంటుంది.
దాన్ని కూడా ఓడించినాడు వాడు.
కుడి కంటితో పది లెక్కపెట్టేదాకా,
ఎడమ కంటితో ఇంకో పది.

నొప్పి లేదు.
వేలు కాలితే అరుస్తాం,
నాలిక కాలితే ఊదుకుంటాం,
కంటి వెనక పొర కాలితే
అరిచేదానికి దానికి నోరు లేదు.
వాడు గెలిచి, కిందికి దిగి,
చారన్నం తిని పడుకున్నాడు.

మూడో నాడు బడిలో బోర్డు మీద
చూసిన అక్షరం చూసినట్టే మాయం.
చుట్టూ అన్నీ ఉండాయి.
ఏది కావాల్నో అదే లేదు.

కంటి ఆసుపత్రిలో నేనూ ఉన్నా, బెంచీ చివర్న.
డాక్టరమ్మ లోపలి బొమ్మ చూపించింది,
నారింజ రంగు, నడుమ ఆవగింజంత మచ్చ.
రోంత తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు అంది,
ఫలానా మందని చెప్పలేనంది.
కొన్ని పచ్చవాట్లో కంటికి కనపడని వేడి కూడా
కలిసి వస్తుందంట. చీటీ మీద అది రాయరు.

వాడు నా పక్క తిరిగినాడు.
"అత్తా, ఈ పొద్దు బొట్టు పెట్టుకోలేదా?"

పెట్టుకున్నా నాయనా.
రూపాయి బిళ్ళంత పెట్టుకున్నా.

మిగిలిన పచ్చవి పద్నాలుగు.
ఇంటికాడ ఒక్కొక్కటీ విప్పి, సుత్తితో కొట్టినా.
గుండీ బ్యాటరీలు వేరే డబ్బాలో అటక మీద,
పసిపిల్లలు మింగుతారని ఇంకొక భయం కొత్తగా.
ఎర్రవి కూడా తీసేసినానని చెప్పాలనుంది.
నాలుగు ఇంకా సీసాలోనే ఉండాయి.
అడిగినోళ్ళకి, ముఖానికి వద్దు, అద్దానికి వద్దు,
పోయే బండికి వద్దు, పిల్లోడి చేతికే వద్దు అంటా ఉంటే
కొనకుండా పోతారు.
పోనీ.

సాయంత్రాలు జష్వంత్ బండి కాడికి వస్తాడు.
నా ముఖం కనపడాలంటే వాడిప్పుడు
నా చెవికమ్మ వైపు చూడాల.
అట్లా చూస్తే బొట్టు తెలుస్తుందంట, మసగ్గా.

ఎదురుగ్గా చూడగలిగే కండ్లు నావి.
నేను వాడి చెప్పుల వైపు చూస్తా
మాట్లాడతా ఉంటా.