పాల పుస్తకం చివరి పేజీ

పదమూడేండ్లు ఇరాల పక్కన మా పాలకేంద్రంలో
ఊరి పాలన్నీ నా చేతిమీదే పోయినాయి.
ఎవురి చెంబులో ఎన్ని నీళ్లు కలిసినాయో
లాక్టోమీటరు ముంచకముందే చెప్పేదాన్ని.
సుగుణమ్మ జెర్సీకి మూడున్నర వెన్న,
గుర్రప్ప ఎనుముకి ఏడు.

ఇప్పుడు నా రొమ్ములో
ఏ గాజుకడ్డీ ముంచేది?

మూడోరోజు పొద్దుగూకినాక
చిత్తూరు పెద్దాసుపత్రి నుంచి ఇంటికొచ్చినాం.
వాడు ఏడుస్తానే ఉండాడు.
మా అత్త గోడవైపు చూసి మెల్లిగా అనింది
"పాలు సాలట్లేదేమో."
ఆ 'ఏమో' దోమ మాదిరి
ఇల్లంతా తిరిగింది.
చెంగల్రాయుడు చొక్కా తొడుక్కున్నాడు,
మెడికల్ షాపు మూసేలోపల
డబ్బా పాలు తెస్తానని.

నాకు మా ఎర్రావు గుర్తొచ్చింది.
దూడ మూతిపెట్టి కుమ్మితేనే అది చేపుతుంది.
దూడని దూరంగా కట్టేసిన నాడు
చెంబు సగానికే ఆగిపోతుంది.
"చొక్కా ఇప్పు" అన్నా.
"ఆ లైటు ఇట్ల తిప్పు."

పొద్దున్నే హంసవేణి వచ్చింది,
ఆశా చీర కొంగు నడుముకి చెక్కి.
మొన ఒక్కటే పట్టుకుంటే నీకు నొప్పి, వానికి గాలి అనింది.
వాని గడ్డం రొమ్ముకి ఆనించింది.
నోరు ఆవలింతంత తెరిచేదాకా ఆగి
ఒక్కసారిగా దగ్గరికి లాగింది.
"ఇంక చెవి పెట్టు."
కరెంటు పోయి ఫ్యాను ఆగింది, మంచిదైంది.
రెండు చప్పరింతలు, ఒక గుటక.
చప్పరింత. గుటక.

"తాగింది నీ కంటికి కనపడదు మే,
పోసింది కనపడతాది. గుడ్డలు లెక్కపెట్టు."

పాల పుస్తకం చివరి పేజీలో గీతలు మొదలుపెట్టినా.
నాలుగోరోజు నాలుగు తడిగుడ్డలు.
ఐదోరోజు ఆరు, ఇంకొకటి అనుమానం
(చెమటో ఉచ్చో తేలక
అత్తా నేనూ ఒకరి తర్వాత ఒకరం వాసన చూసినాం).
ఆరోరోజు ఏడు.
దొడ్డికి వేరే గడి:
ముందు తారు మాదిరి నలుపు,
తర్వాత నూరిన గోరింటాకు,
ఆపైన ఆవాలు మెదిపి పూసినట్టు పసుపు.
అంత ముద్దుగా ఒక గుడ్డని
మా అత్త ఎత్తి చూపించడం నేను ఎరగను.

రోజుకి పదిసార్లు, పన్నెండుసార్లు.
నిద్రపోతే అరికాలు గీకి లేపేదాన్ని.
సంగటి ముద్ద ఒక చేత్తో, వాడు ఒక చేత్తో.

ఎనిమిదోరోజు దీపాలు పెట్టేవేళకి మూడే గీతలు.
ఎవురికీ చెప్పలా.
పుస్తకం దిండుకింద దోపి
వాన్ని ఎడమకి, కుడికి, మళ్లీ ఎడమకి మార్చినా.
తెల్లారేలోగా ఆరు కాకుంటే
ఆలోచించకుండా ఆసుపత్రికి రమ్మని
హంసవేణి ముందే చెప్పి ఉండాది.
బండిలో పెట్రోలు ఉందా అని అడిగినా ఆయన్ని,
ఊరికే అడిగినట్టు.

పదకొండు దాటినాక
నా చీర కుచ్చిళ్లమీద వెచ్చగా పాకింది.
లేవలా. చీర మార్చుకోలా.
చీకట్లో తడుముకోని గీసిన ఆ నాలుగోగీత
ఇప్పటికీ వంకరగానే ఉండాది.
కోడి కూసేసరికి ఆరు.

పద్నాలుగోరోజు ఉయ్యాల తక్కెడ
మా దూలానికి తగిలించినారు.
పుట్టినప్పుడు రెండూ తొమ్మిదొందలు.
ఇంటికొచ్చిన నాడు రెండూ ఏడొందలు.
పదమూడేండ్లు
ఊరి చెంబులన్నిటికీ ముల్లుని ఒక గీత కిందికే చదివినదాన్ని,
పైనోళ్లు చెప్పినట్టు.
ఈరోజు నోరు తెరిచి "మూడూ నూరు" అన్నా.
"మూడూ యాభై" అని హంసవేణి దిద్దింది.
గుర్రప్ప మొగం ఎందుకో కంటిముందు నిలిచింది.

సాయంత్రం కేంద్రానికి పోతా
చెంగల్రాయుడు పుస్తకం అడిగినాడు.
కొత్తది కొనుక్కోమన్నా.
ఇంకా ఏందో చెప్పబోయినా గానీ
వాడు లేచినాడు.